మాట్లాడిన నిలువురాయి

పాఠంలో నేను ఏ సంగతి చెప్పినా మా బడిలో ఆరో తరగతి పిల్ల ఒకతె "మీరు జూసిండ్రా సార్?" అని అడిగేది. పుస్తకంలో చూశానని గర్వంగా చెప్పేవాణ్ణి.

శామీర్‌పేట గ్రంథాలయంలో వేల ఏళ్లనాటి నిలువురాళ్ల గురించి చదివి, అలాంటి రాయి పక్కనే యుద్ధంలో చనిపోయే రాజు మీద బడిపిల్లలకు నాటకం రాశాను. రాజు వేషం కోరిన ఆ పిల్లకు రాయి వేషం దక్కింది.

"గీ రాయికి ఒక్క మాటన్న లేదా సార్?"

"రాళ్లు మాట్లాడవమ్మా. కదలకుండా నిలబడు చాలు."

మూతి ముడుచుకుంది.

నాటకం రోజు రాజు వేసిన కుర్రాడు మొదటి మాటే మరిచిపోయి బిక్కమొహం వేశాడు. వెనక గోనెపట్టా కప్పుకున్న రాయి ఆ మాట అందించింది. ఇక ఆగలేదు. రాజు నోరాడిస్తుంటే యుద్ధం, శపథం, చావు అన్నీ రాయే పలికింది. జనం ఈలలు వేశారు.

"రాయి మాట్లాడుతుందా?" అని నాటకం అయ్యాక ఆ పిల్లను గద్దించాను.

"రాజు సచ్చుడు మీరు పుస్తకంల జూసిండ్రు సార్. నేను పక్కనే నిలవడి జూసిన!"