నా బండికి నేనే మార్చిన టైమింగ్ బెల్టు

మా కారు కింద పచ్చటి నీళ్లు కారడం మొదలైన వారానికి మా ఆయన తీర్పు చెప్పేశాడు. గుజరీకి ఇచ్చేద్దామన్నాడు. బెంగళూరులో గుజరీ అంటే పాత ఇనుము కొట్టు. మెకానిక్‌ది కూడా ఆయన పక్షమే. వాటర్ పంపు పోయింది, దాన్ని తిప్పే టైమింగ్ బెల్టు పగుళ్లిచ్చింది, ఇంత పాత డీజిల్ బండికి అంత పని దండగ అని తేల్చాడు. సోమవారం పొద్దున గుజరీ అతను వచ్చి బండి తీసుకుపోయేట్టు మాట కూడా అయిపోయింది.

ఇంతకీ ఆ బండి ఎవరిది? నాది. బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పదహారేళ్లు మిషను ముందు కూర్చుని కూడబెట్టుకున్న డబ్బుతో కొన్నది. ఫ్యాక్టరీ మానేశాక దోసె పిండి రుబ్బి, డబ్బాలకెత్తి, ఈ బండిలోనే హోసూరు రోడ్డు పొడుగునా అంగళ్లకు వేస్తున్నాను. బండి పోతే పిండి వ్యాపారం పోతుంది. అది పోతే మళ్లీ ఎవరో సూపర్‌వైజరు ముందు నిలబడి బాత్‌రూముకు పోవడానికి కూడా అనుమతి అడగాలి. అది నా వల్ల కాదు. చచ్చినా కాదు.

"నేనే మారుస్తా" అన్నాను.

మా ఆయన పకపకా నవ్వాడు. "ఏందే, అది జాకెట్టుకు హుక్కులు కుట్టేదనుకుంటివా ఏమి?"

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆయనకు తెలియనిదొకటి ఉంది. ఫ్యాక్టరీలో మిషను చెడితే, బాగయ్యేదాకా అందరూ టీకి పోయేవాళ్లు. నేను పోయేదాన్ని కాదు. మెకానిక్ భుజం మీదుగా చూస్తూ నిలబడేదాన్ని. పైన సూది దిగే వేళకు కింద కొక్కెం సరిగ్గా వచ్చి దారాన్ని అందుకోవాలి. కొన్ని మిషన్లలో ఆ రెండింటినీ కలిపేది ఒక పళ్ల బెల్టు. ఒక్క పన్ను జరిగినా సూది పుటుక్కున విరుగుతుంది. చివరి ఐదేళ్లు మా లైనులో మిషన్లన్నీ నేనే సరిచేశాను, జీతం మాత్రం టైలరు జీతమే ఇచ్చారు. కారు ఇంజనులోనూ అదే కథ. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, రెండింటికీ పళ్ల బెల్టు. ఇక్కడ పన్ను తప్పితే లోపల వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పగులుతుంది.

శనివారం బండి సామాన్లు అమ్మే జె.సి. రోడ్డుకు పోయి బెల్టు, పంపు, ఇంజనును చల్లబరిచే ఆ పచ్చ కూలెంటు తెచ్చాను. ఆదివారం టిఫిను కాగానే ఇంటి ముందరే మొదలుపెట్టాను. ముందు టైరు విప్పి, ఇంజను కింద జాకీ, జాకీ మీద చెక్క పెట్టి, కవర్లు ఊడదీశాను. లోపల ఏళ్లనాటి జిడ్డు, మట్టి అట్టకట్టి ఉన్నాయి. చక్రాల మీద కంపెనీవాళ్లు వేసిన గుర్తులు కనబడితే ఒట్టు. కనబడకపోతే ఏం, పాత బెల్టు ఇంకా సరైన చోటే ఉంది కదా! ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ టైలరు సుద్ద తీసి పై చక్రం మీద ఒక గీత, కింది చక్రం మీద ఒక గీత, వాటికెదురుగా ఇంజను మీద మరో రెండు గీతలు పెట్టాను. బెల్టు తీసేసి, పాత పంపు విప్పి, కొత్తది బిగించాను. అప్పటికి మధ్యాహ్నమైంది. చేతులు కడుక్కుని అన్నానికి పోయాను.

తిరిగొచ్చి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. మా అత్త బండి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒక పక్క గిన్నెలు తోమే సబ్బు, ఇంకో పక్క కొబ్బరి పీచు. రెండు చక్రాలూ తళతళా మెరుస్తున్నాయి. ఒక్కోదానికి పసుపు పూసి, మూడేసి కుంకుమ బొట్లు పెట్టింది.

"కొత్త పంపు పెడితివి కదమ్మా. పూజ చేయకుండా ఎట్ల తిప్పుతావు?" అంది. "మురికి మింద బొట్టు పెడతారా ఎవురన్నా? అందుకే తోమినా."

"తెల్లగా గీతలు ఉండె కదత్తా!"

"ఆ సుద్ద గీకులా? ఎవురో పిల్లోళ్లు గీకినారనుకుంటి."

"చక్రం గానీ తిప్పినావా?"

"తిప్పకుంటే అవతల పక్క ఎట్ల తోమాల? గట్టిగా ఉండాది, కొంచెమే తిరిగింది."

నా నోటికి ఏం వచ్చిందో ఇక్కడ రాయను. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు స్పానరు గోడకేసి కొట్టాను. నిజానికి తప్పు నాదే. జిడ్డు మీద సుద్ద నిలవదని తెలిసీ పెయింటు కోసం అంగడిదాకా పోవడానికి బద్ధకించాను. చప్పుడు విని మా ఆయన బయటికి వచ్చాడు.

"ఇంక చాల్లే. గుజరీ ఆయప్పకి ఫోన్ చేసి సాయంత్రమే రమ్మంటా" అన్నాడు.

ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ముందు ఏడవడమా! ఏదో చూస్తున్నట్టు తల ఇంజనులోకి వంచాను. అప్పుడు కనబడింది. పై చక్రం అంచున, మూడో బొట్టుకు వేలెడు దూరంలో, ఉలితో పొడిచినట్టు చిన్న గుంట. కింది చక్రం మీద సన్నటి గాటు. రెండింటికీ ఎదురుగా ఇంజను మీద పోతపోసిన గుర్తులు. పొద్దున గంటసేపు వెదికినా దొరకని కంపెనీ గుర్తులు అవే! కొబ్బరి పీచు తగలకపోతే ఈ జన్మలో నాకు కనబడేవి కావు.

"అత్తా, నీ కడుపు చల్లగుండ!" అన్నాను.

"మరి ఇంతసేపూ నన్నెందుకు తిడితివే?" అంది.

లోపల వాల్వులు తగలకుండా కింది చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పాను. పై చక్రాన్ని దాని గుర్తుకు తెచ్చి, ఆ తర్వాత కింది దాన్ని దాని గుర్తుకు చేర్చాను. కొత్త బెల్టు ఎక్కించి, బిగువు సరిచూశాను. మా ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఫోను చేతిలోనే ఉంది, ఇంకా చేయలేదు.

చేత్తో తిప్పి చూడనిదే మోటారు వేయొద్దని ఫ్యాక్టరీలో నియమం. పెద్ద స్పానరు పెట్టి ఇంజనును చేత్తోనే తిప్పాను. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు ఇంకా నిదానంగా తిప్పాను. ఎక్కడా తగల్లేదు, ఎక్కడా పట్టలేదు. గుర్తులు రెండూ మళ్లీ తమ చోటికే వచ్చి నిలిచాయి. అన్నీ బిగించి, కూలెంటు పోసి, సీట్లో కూర్చుని తాళం తిప్పాను. మొదటిసారి దగ్గి ఊరుకుంది. రెండోసారికి అందుకుంది.

అరగంటసేపు ఇంజను ఆపలేదు. వేడి చూపించే ముల్లు సగం దగ్గరే నిలిచింది. నేల మీద పడుకుని పంపు కింద వేలితో తడిమి చూశాను. చుక్క తడి లేదు. ఇంత సంతోషం నాకు నా పెళ్లిరోజున కూడా కలగలేదు.

మా ఆయన ఫోను చెవికి పెట్టుకుని గేటు దగ్గరికి పోయాడు.

"రేపు రావద్దప్పా. బండి ఇచ్చేది లేదు. రిపేరీ అయిపోయింది... యాడా ఇయ్యలేదప్పా, ఇంట్లోనే... ఎవురంటే..." నా వైపు తిరిగాడు. "నా పెండ్లాము."

అవతలివాడు ఏమన్నాడో నాకు వినబడలేదు.

"ఔనప్పా, నా పెండ్లామే చేసింది!"

ఈసారి వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా అన్నాడు. ఫోనులో అరవొద్దని ఆయన్ని రోజూ కసురుతాను. ఆ పూట మాత్రం ఏమీ అనలేదు.