స్విచ్ ముట్టుకోని పిల్ల

కాలిపోయిన మోటారు వాసన ఒకసారి ఒంటికి పట్టిందంటే ఏ సబ్బుకీ పోదు. మోటార్ల రివైండింగ్ షాపులో పనిచేసే ఆమెకి మాత్రం ఆ వాసన తెలియడం ఎప్పుడో ఆగిపోయింది. మాడిన కాయిల్‌ని ఊడగొట్టడం, గాడుల్లో కొత్త కాగితం దూర్చడం, రాగి తీగ చుట్లు చుట్టి ఒక్కొక్కటే గాడిలోకి దించడం ఆమె పని. వేళ్లు సన్నం కాబట్టి చిన్న ఫ్యాన్లూ మిక్సీలూ అన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. షాపు మేస్త్రిది పెద్ద నోరు. "మా కాయిలమ్మ చుట్టిన ఫ్యాను ఇక ఆగదయ్యా, నువ్వే బతిమాలి ఆపుకోవాలి" అని వచ్చినవాళ్లందరికీ గొప్పలు చెప్పేవాడు. ఆ పేరే ఆమెకి స్థిరపడిపోయింది.

కాయిలమ్మ మొగుడు లైన్‌మన్. "ఒకళ్లు తీగ చుట్టేవాళ్లు, ఒకళ్లు తీగ లాగేవాళ్లు. మీ ఇంట్లో బట్టలారేసుకోడానికి తాడు కొనే పనే లేదు" అని మేస్త్రి ఏడిపించేవాడు. ఇప్పుడు ఆ మాట అనడు. గాలివానకి తెగిన తీగ కలపడానికి స్తంభం ఎక్కిన మనిషిని తాడు కట్టి దించాల్సి వచ్చింది. అజాగ్రత్త మనిషి కాడు, లైనులో సప్లై ఆపించాకే ఎక్కాడు. కానీ ఆ లైను మీదే ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. జనరేటర్ వేసేముందు బయటి లైనుతో తెగతెంపులు చేసే మీట ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పాలి. అక్కడెవడో తిప్పలేదు. జనరేటర్ కరెంటు తీగ వెంట ఎదురెక్కి వచ్చింది. అంతే, ఒక మనిషి లేకుండా పోయాడు.

ఆమె ఏడవలేదు. "గుండె రాయి చేసుకుంది" అన్నారు కొందరు. "ఏం మనిషమ్మా, కంట్లో చుక్క లేదు" అన్నారు ఇంకొందరు. ఇలాంటప్పుడు ఎదుటివాళ్ల కళ్లు కొలిచేవాళ్లకి ఎక్కడా కరువుండదు. రాయీ లేదు, రప్పా లేదు. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి అది ఎవరిదో చెయ్యిలా ఉంటుంది చూడండి, ఆమెకి మనిషంతా అలా ఉంది. అన్నం వండుతోందని తెలుసు, షాపుకి పోతోందని తెలుసు. చేస్తున్నది తనేనని మాత్రం అనిపించేది కాదు.

వాళ్లకి ఒక్కతే కూతురు, రెండో తరగతి. పుట్టుకతోనే ప్రశ్నలు వెంట తెచ్చుకున్న పిల్ల. బల్లి గోడ మీంచి ఎందుకు పడదు, ఉల్లిపాయ తరిగితే కత్తికి ఏడుపెందుకు రాదు! తల్లి పనిలో ఉండి "మీ నాన్ననడుగు పో" అనేది. తండ్రి తెలిసింది చెప్పేవాడు, తెలియనిదానికి "రేపు కనుక్కుని చెప్తానమ్మా" అనేవాడు, మర్చిపోకుండా కనుక్కొచ్చేవాడు కూడా. తండ్రి పోయిన రోజు నుంచి పిల్ల నోరు పెగల్లేదు. అడిగిందానికి ఊ, ఊహూ. చిన్నపిల్ల, నాలుగు రోజులు పోతే మర్చిపోతుందిలే అని అందరూ అనుకున్నారు. తల్లి అదీ అనుకోలేదు. పిల్ల తింటోంది, బడికి పోతోంది, అక్కడితో ఆమె చూపు ఆగిపోయేది. సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి ఇల్లంతా చీకటిగా ఉండేది, పిల్ల గడప మీద కూర్చుని ఉండేది. "లైటు వేసుకోవచ్చుగా" అని ఒకసారి అంది. జవాబు కోసం ఆగకుండానే లోపలికి పోయి తనే వేసింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

బడికి సెలవైన ఒక రోజు పిల్లని వెంటబెట్టుకుని షాపుకి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం రేకుల కప్పు కింద మేస్త్రి చెమటలు కక్కుతున్నాడు.

"బంగారూ, నీ పక్కనే ఉంది, ఆ ఫ్యాను స్విచ్ వెయ్యి. తాత ఉడికిపోతున్నాడు."

పిల్ల స్విచ్‌బోర్డు వైపు చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నేను వెయ్యను" అంది.

మేస్త్రి లేచి తనే వేసుకుని, కాయిలమ్మ బల్ల దగ్గరకి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, చూశావా దాన్ని?"

"భయం, బాబాయ్. నాన్న అలా పోయాడు కదా."

"భయమైతే దూరం పారిపోవాలి. ఇది అక్కడే నిలబడి చేతులు దాచుకుంటోంది, జామకాయలు దొంగిలించినదానిలాగా. ఏదో ఉందే. ఓసారి అడుగు."

"అడుగుతాలే" అంది ఆమె, తీగ చుట్టుకుంటూనే. అడగలేదు. ఆమెలో అడిగే మనిషి లేదప్పుడు. పిల్లే మెల్లగా బల్ల దగ్గరకి వచ్చింది.

"అమ్మా, కరెంటు ఎలా పోతుంది?"

ఇన్నాళ్లకి పిల్ల ఒక ప్రశ్న అడిగింది! మేస్త్రి చేతిలో సుత్తి ఆగిపోయింది. తల్లికి అది తట్టనే లేదు.

"తీగలో పోతుంది."

"నీళ్లలాగానా?"

"నీళ్లు తెగిన గొట్టంలోంచైనా కారతాయి. ఇది కారదు. బయల్దేరిన చోటికి చుట్టూ తిరిగి రావడానికి దారుండాలి. దారి ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుంది. సైకిల్ చైన్ చూశావుగా, అలాగ. నువ్వు ఇక్కడ తొక్కితే వెనక చక్రం వెంటనే తిరుగుతుంది. ముందున్న లింకు వెనక్కి చేరేదాకా ఆగదు కదా. తీగ నిండా అది ముందే ఉంటుంది, అంతా ఒకేసారి కదుల్తుంది."

"ముందుకేనా?"

"ఇళ్లలో వచ్చే కరెంటైతే ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది."

"వెనక్కి కూడానా? మనింట్లోంచి స్తంభం దాకానా?"

"తీగంతా కలిసే ఉంటుందిగా" అంది తల్లి, తలెత్తకుండా. చెప్పినవన్నీ నిజాలే. ఏం లాభం!

"అయితే నేనే" అంది పిల్ల.

"నువ్వేంటి?"

"ఆ రోజు కరెంటు పోయింది కదమ్మా. వచ్చిందేమో చూద్దామని నేను స్విచ్ వేశాను. ఒక్కసారే. నాన్నకి కొట్టింది."

కాయిలమ్మ చేతిలో చుట్లు లెక్క తప్పాయి. ఆ షాపులో చేరాక అలా తప్పడం అదే మొదటిసారి.

లోకంలో పిల్లల్ని బూచాడొస్తాడని బెదిరిస్తారు. ఆ ఇంట్లో బెదిరింపు వేరు. కరెంటు పోతే చాలు, ఎక్కడో నాన్న స్తంభం మీదున్నాడని లెక్క. పిల్లేమో స్టూలెక్కి స్విచ్‌లు టకటకా ఆడించేది. ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే తల్లి ఒక మాట కనిపెట్టింది: "నాన్న పనిలో ఉన్నాడు, నువ్వు స్విచ్ ముట్టుకున్నావంటే అక్కడ నాన్నకి కొడుతుంది." మంత్రం వేసినట్టు పనిచేసింది. ఆ రోజు శవం చుట్టూ చేరిన పెద్దలు, "ఎవరో స్విచ్ వేశారట, కరెంటు వెనక్కి పోయి పట్టేసిందట" అని చెప్పుకున్నారు. మూలన కూర్చున్న పిల్లకి ఆ 'ఎవరో' అన్నది ఎవరినో తెలిసిపోయింది. పాడు పెద్దవాళ్లు! పక్కన చెవులున్న పిల్ల ఉందని ఒక్కరికీ తోచలేదు.

తల్లి తీగ పక్కన పెట్టింది. మేస్త్రి టార్చిలైట్ తీసుకుని విప్పింది. రెండు తీగ ముక్కలతో టార్చి సెల్లూ, చిన్న బల్బూ, ఒక స్విచ్చూ బల్ల మీద గుండ్రంగా కలిపింది. ఆమె గొంతు ఎప్పటిలాగే చప్పగా ఉంది.

"ఇది సెల్లు. కరెంటుని తోసేది ఇదే. స్విచ్ వేస్తే బల్బు వెలిగింది, చూడు. ఆ రోజు నాన్న ఇదిగో ఇలా సెల్లు తీయించేసి ఎక్కాడు. ఇప్పుడు నువ్వు స్విచ్ వెయ్యి."

"వెయ్యను."

"వెయ్యి."

పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని వేసింది. తెరిచి చూస్తే బల్బు వెలగలేదు. మళ్లీ వేసింది, మళ్లీ. చచ్చినా వెలగలేదు.

"స్విచ్ ఒట్టి తలుపే. ఇంట్లో మనిషి లేనప్పుడు తలుపు తీస్తే ఎవరు బయటికొస్తారు? ఎవరూ రారు. ఇదిగో, ఇటు వైపు ఐసు ఫ్యాక్టరీ ఉంది. వాళ్ల దగ్గర ఇంకో సెల్లుంది." స్విచ్ ఆపేసి, రెండో సెల్లుని అవతలి వైపు నుంచి నేరుగా బల్బుకి ఆనించింది. బల్బు వెలిగింది. "ఈ బల్బున్న చోట నాన్న ఉన్నాడు."

మేస్త్రి ముఖం తిప్పుకున్నాడు. పిల్ల ఆ వెలుగు మీంచి చూపు తల్లి వైపు తిప్పింది.

"మరి నువ్వు చెప్పావుగా, నేను ముట్టుకుంటే కొడుతుందని."

"అబద్ధం చెప్పాను. నువ్వు స్టూలు మీంచి పడతావని భయపెట్టాను. తప్పు నాదే."

"అబద్ధమని నాన్నకి తెలుసా?"

"తెలుసు. నీ వెనక నవ్వుకునేవాడు."

"అయితే నేను కొట్టాననుకోలేదు కదా నాన్న?"

"లేదే, నా తల్లీ. అనుకోలేదు."

సాయంత్రం ఇల్లు చేరేసరికి మామూలుగానే చీకటి. తల్లి గడప దగ్గర ఆగింది. ఇన్నాళ్లూ ఈ చీకట్లో పిల్ల ఎందుకు కూర్చుందో అప్పుడు ఆమెకి అర్థమైంది. రోజూ దాన్ని దాటుకుంటూ పోయి లైటు వేసిన తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్ల స్టూలు లాక్కుంది, ఎక్కింది, "నా చెయ్యి పట్టుకో" అంది. స్విచ్ వేసింది. లైటు వెలిగింది. ఆర్పింది, మళ్లీ వేసింది. తల్లి వద్దనలేదు.

"అమ్మా, స్విచ్ ఆపితే చైన్ ఆగిపోతుంది కదా. మళ్లీ వేసేదాకా కరెంటు ఆ తీగలోనే ఉండి ఏం చేస్తుంది?"

ఆమెకి తెలియదు. అలవాటు ప్రకారం నోరు తెరిచి, "మీ నాన్న" వరకు అనేసింది. మిగతా మాట రాలేదు. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుని, ఇన్నాళ్లదీ కలిపి ఏడ్చింది. పిల్ల స్టూలు మీంచి దిగి వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

"రేపు కనుక్కుని చెప్తానమ్మా" అంది తల్లి, ముక్కు తుడుచుకుంటూ.