ఎర్రగానే ఉన్నాయన్నాను

ఆరేళ్ళుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మింగలేను, కక్కలేను. పెద్ద మాట కూడా కాదు. చెబితే మీకు ముందు నవ్వొస్తుందేమో. రొయ్యల గురించి అబద్ధం చెప్పి సొంత అన్న పని పోగొట్టానంటే ఎవరికి నవ్వు రాదు? అవి తినే రొయ్యలు కూడా కావు. గాజు తొట్టిలో మొక్కల మధ్య పెంచుకునేవి, చిటికెన వేలిలో సగం కూడా ఉండవు. నా పేరు రాయను. ఈ మరాఠీ ఊళ్ళో, అశోక్ చౌక్ చుట్టుపక్కల ఉండే మా తెలుగు నేతవాళ్ళందరికీ మా వాళ్ళందరూ తెలుసు.

అన్న నాకంటే పదకొండేళ్ళు పెద్ద. టవళ్ళ కార్ఖానాలో రంగు మాస్టర్‌గా ఉండేవాడు. రంగు వేసిన నూలు ఆరాక, దాన్ని నమూనా ముక్క పక్కన పెట్టి, తలుపు దగ్గర వెలుతురులో ఒక్కసారి చూసి తల ఊపేవాడు. ఆ తల ఊగితేనే నూలు మగ్గానికి ఎక్కేది. ఊగకపోతే సేఠ్ అయినా నోరు మెదిపేవాడు కాదు. నేను పక్క గల్లీలో పవర్‌లూమ్ నడుపుతాను. పడుచు వయసులో నాకూ రంగు పని నేర్పమని అడిగాను. రెండు నెలలు వెంట తిప్పుకొని, "తమ్మీ, నీకు రంగు తెల్వది, మగ్గం నడుపుకో" అన్నాడు. నిజమే చెప్పాడు. నిజం కాబట్టే నాకు ఇంకా మండింది.

వదిన పోయాక అన్న ఆ తొట్టి పెట్టుకున్నాడు. మాది ఒకే ఇల్లు, ముందు గది ఆయనది. తొట్టి అడుగున నల్లమట్టి, రాళ్ళకు పట్టించిన నాచు, సన్నాకు మొక్కలు, వాటి మీద పాకే ఎర్ర రొయ్యలు. పక్కింట్లో మగ్గాలు నడిస్తే మా గోడలు అదురుతాయి. ఆ అదురు తగలకుండా తొట్టి కింద చద్దర్ నాలుగు మడతలు వేశాడు. నల్లా నీళ్ళు రెండు రోజులు బకెట్లో నిలవుంచి పోసేవాడు. రాగి బిందెలోని నీళ్ళు పోస్తే రొయ్యలు చస్తాయని నా భార్యకు ఎన్నిసార్లు చెప్పాడో. ఎండాకాలం తన ఫ్యాను వాటివైపు తిప్పి తాను చెమటలో పడుకునేవాడు. ఆదివారం వచ్చిందంటే చిన్న వలతో ఒక్కొక్కదాన్నీ పైకి తీసి చూసి, రంగు కాస్త పల్చబడ్డవాటిని వేరే సీసాలోకి ఏరేసేవాడు. అలా మూడేళ్ళు ఏరి ఏరి మిగిల్చినవి కుంకుమలో ముంచి తీసినట్టుండేవి. చూస్తే నాకే ముచ్చటేసేది. ఒళ్ళూ మండేది. తొట్టిలో చెయ్యి పెట్టవద్దని నాకు గట్టిగా చెప్పి ఉంచాడు.

ఒకసారి సిరిసిల్లలో పెళ్ళికని పది రోజులు వెళ్తూ తొట్టిని నాకు అప్పగించాడు. ఆ వారంలోనే హోట్గి రోడ్ మీద ఒక చేపల దుకాణంలో నీలం రొయ్యలు కనిపించాయి. అదే జాతి, రంగే వేరు. నాకు తెలిసింది మగ్గం ఒక్కటే. ఎర్ర పడుగులో నీలం పేక కొడితే బట్ట వంకాయ రంగులో మెరుస్తుంది. రొయ్యల్లోనూ అంతేననుకున్నాను. ఎర్ర ఆడవాటికి నీలం మగవాటిని కలిపితే వంకాయ రంగు పిల్లలు పుడతాయి. అన్న నోరెళ్ళబెడతాడు. అప్పుడు చెబుతాను, ఈ రంగు నాది అని. ఎర్ర మగవాటిని పట్టి సీసాలో పెట్టి, నాలుగు నీలం మగవాటిని తొట్టిలో వదిలాను. అన్న వచ్చే ముందు రోజు వాటిని తీసేసి, పాతవాటిని మళ్ళీ వదిలి, నీలంవి దుకాణంలో ఇచ్చేశాను.

అన్న వచ్చి, ఆడవాటి కడుపుల కింద గుడ్లు చూసి సంబరపడ్డాడు. రెండు నెలలకు పిల్లల రంగు తేలింది. వంకాయ రంగు కాదు. ఎరుపూ కాదు, నీలమూ కాదు. మట్టి. వానకాలం గుంటలో నీళ్ళ రంగు. దుకాణంవాడిని అడిగితే, ఆ రెండింటినీ కలిపితే వాటి తాతముత్తాతల మట్టి రంగే తిరిగొస్తుందని తేలిగ్గా చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదని వాడి మీద చిరాకుపడ్డాను. నేను అడిగితే కదా వాడు చెప్పడానికి?

ఒక పొద్దున అన్న తొట్టి ముందు కూర్చుని నన్ను పిలిచాడు.

"తమ్మీ, నేను ఊరికి పోయినప్పుడు దీంట్ల ఏమన్న ఏసినవా?"

"లేదన్నా. పాలకూర ఒక్కటే ఏసిన."

"మరి ఈ పిల్లల జర చూడు. తల్లుల లెక్కనే ఉన్నయా?"

వంగి చూశాను. చిన్నపిల్లలకు కూడా తెలిసే తేడా అది.

"అట్లనే ఉన్నయన్నా."

"మట్టి రంగు కొడ్తలేవా?"

"లేదన్నా. ఎర్రగనే ఉన్నయ్."

"ఖరే చెప్పు."

"ఖరేనే చెప్తున్న. ఎర్రగనే ఉన్నయ్."

అన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. మట్టి రంగని ఒప్పుకుంటే అది ఎలా వచ్చిందనే ప్రశ్న వస్తుంది. మొదటి అబద్ధాన్ని కాపాడటానికి రెండోది ఆడాను. రంగు మాస్టర్‌కు లేని తేడా కనిపిస్తోందంటే దాని అర్థమేమిటో నాకా క్షణంలో తట్టలేదు. లేదా తట్టిందా? ఇన్నేళ్ళయినా దీనికి నా దగ్గర నికరమైన జవాబు లేదు.

అన్న కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. రంగు చుక్కల్లో అంకెలు దాగిన పుస్తకం చూపిస్తే అన్నీ చదివాడట. కళ్ళలో ఏ దోషమూ లేదని డాక్టర్ పంపించేశాడు. ఇంటికొచ్చి నాతో అన్నాడు, "షేడ్ సంగతి ఆయనకేం ఎరుక. రంగు తెల్వని నువ్వే ఎర్రగ ఉన్నయంటున్నవ్. నాకే మట్టి కనవడ్తున్నది." డాక్టర్‌ను నమ్మలేదు, నన్ను నమ్మాడు. ఇంకొకరిని అడిగితే రంగు మాస్టర్ కళ్ళు పోయాయని పేటంతా పాకుతుందని ఎవరినీ అడగలేదు. నెల తిరక్కుండా, ఎవరూ వేలెత్తి చూపకముందే తానే తప్పుకుంటానని సేఠ్‌కు చెప్పి వచ్చాడు. ఆయన స్థానంలో ఇంకొకతను వచ్చాడు. అన్న అదే కార్ఖానాలో ప్యాకింగ్‌కు మారాడు. టవళ్ళు మడతపెట్టి కవర్లలో వేయడం ఆయన పని. తొట్టిని నాకిచ్చేశాడు.

తర్వాతయినా ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. ఒకసారి కుంభారిలో చుట్టాలింటికి వెళ్ళి బస్సులో వస్తుండగా, "అన్నా, ఆ రొయ్యలు..." అని మొదలుపెట్టాను. "అవి నీయే గద తమ్మీ, ఏమన్న చేస్కో" అని కిటికీలోంచి బయటికి చూశాడు. ఒక్క మాట తిట్టినా చెప్పేసేవాణ్ణి. తిట్టడు. ఏ మాటైనా ఇంత తేలిగ్గా నమ్మే మనిషిని ఏం చేయాలి? తప్పు నాది, కోపం ఆయన మీద. చూడండి నా వరస.

ఇప్పుడు అన్నింటికీ నన్నే అడుగుతాడు. కూరగాయల బండి దగ్గర టమాటా చేతిలో పట్టుకుని, పండిందేనా తమ్మీ అంటాడు. కొత్త చొక్కా కొనాలంటే నేను వెంట ఉండాలి, అది బూడిద రంగా ఆకుపచ్చా చెప్పడానికి. ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది. కనిపించినదాన్ని నమ్మడు. జవాబు చెప్పినప్పుడల్లా పళ్ళు పటపట కొరుక్కుంటాను, ఆయన మీదనా నా మీదనా తెలియదు.

ఆ రొయ్యలు మాత్రం సుఖంగా ఉన్నాయి. పుడుతూనే ఉన్నాయి, పాత ఎర్రవి పోయి ఇప్పుడు అన్నీ ఆ రంగే. ఒకసారి విసుగెత్తి, రాగి బిందెలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాను. పోయలేకపోయాను. మళ్ళీ పాలకూర ఉడికించి వేశాను.

భయంతోనే అబద్ధమాడానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం నా భార్యకు కూడా చెప్పలేదు. ఆ పొద్దున, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అన్న నన్ను రంగు అడిగాడు. నా మాట కోసం ఆగాడు. నాకు హాయిగా అనిపించింది. సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

పోయిన వారం కార్ఖానా పంపిన సరుకు తిరిగొచ్చింది. ఎర్ర టవళ్ళలో కొన్ని వేరే ఛాయలో పడ్డాయి. కొత్త మాస్టర్ కంటికి ఆనలేదు. సాయంత్రం చాయ్ తాగుతూ అన్న మామూలుగా చెప్పాడు, "మడతవెట్టేటప్పుడు నాకు కనవడ్డయ్ తమ్మీ. గని నా కన్నుకు అట్లనే కనవడ్తది గదా అని ఊకున్న." అయితే నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా అన్నాను. "ఏదో అందాజుకు తగిలింది" అని నవ్వి, కప్పు కడిగి బోర్లించాడు.

అంతకంటే మంచి సందు దొరకదు. అయినా చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఈ ఆరేళ్ళూ ఉత్తపుణ్యానికి పోయాయని చెప్పినట్టే. చెప్పకపోతే మిగిలినవీ అలాగే పోతాయి. నేను కాపాడుతున్నది ఆయన మనసునా, నా ముఖాన్నా? ఈ ప్రశ్నకు మాత్రం జవాబు నాకు బాగా తెలుసు. మీరు క్షమించాలని ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఎక్కడో ఒకచోటైనా ఉన్నది ఉన్నట్టు ఉండాలని రాశాను.

ఆ పిల్లలు ఎర్రగా లేవు. మట్టి రంగులో ఉన్నాయి. అన్నకు కనిపించింది నిజం. ఆ పొద్దున నాకు కనిపించిందీ అదే.