పై చివరి మీట

2023 దసరా వెళ్లిన మరునాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, రాజమండ్రిలో కీబోర్డులు, యాంప్లిఫయర్లు బాగుచేసే ప్రసాదరావు మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. నరసాపురం నుంచి సుబ్బరాజు గారు తన కీబోర్డును దుప్పట్లో చుట్టి తెచ్చారు. పెళ్లిళ్లలో పాటకచేరీలు చేస్తారాయన.

"నిన్న పూజయ్యాక ఒక్క పాట వాయించానండి. ఆ పై చివరి మీట, కుడివైపుది, నొక్కకపోయినా కూ అంటూనే ఉంది. ఆపేశాను."

ఆ మీట అంచున పసుపు గట్టిపడి ఉంది. ఇదేమిటని అడిగాను.

"ఆయుధ పూజ కదండీ. ఈ చివరా ఆ చివరా తడిపసుపు రాసి బొట్టు పెట్టాం. బాగా అంటుకుంటుందని మా ఆవిడ నీళ్లు కాస్త ఎక్కువే కలిపింది."

ఏ పరికరం వచ్చినా మా పద్ధతి ఒకటే. ముందు వివరాలు అడగాలి, తర్వాత స్విచ్ వేసి లక్షణం కళ్లారా చూడాలి. ప్లగ్ పెడుతూ, లోపల సొంతంగా దాచుకున్న శబ్దాలేమైనా ఉన్నాయా అని అడిగాను.

"మా తమ్ముడి డోలు ఉందండి. వాడి దెబ్బలన్నీ విడివిడిగా రికార్డు చేసి మీటలకు ఎక్కించాను. పోయినేడు వాడు పోయాడు. ఇప్పటికీ ప్రతి పెళ్లిలో వాడి డోలే మోగుతుంది."

"కాపీ ఎక్కడైనా ఉందాండీ?"

"మెషీన్ నా దగ్గరే ఉంది కదా అనుకున్నాను."

నేను ప్లగ్ తీసేశాను.

"ఏంటయ్యా, కీబోర్డుకి భయపడుతున్నావా?" అన్నారు మాస్టారు.

కొన్ని మోడళ్లలో పై చివరి తెల్ల మీటను నొక్కిపట్టి స్విచ్ వేస్తే ఫ్యాక్టరీ రీసెట్ అవుతుంది. అంటే వాడేవాళ్లు దాచుకున్నవన్నీ చెరిగిపోయి, కొత్తగా కొన్నప్పటి స్థితికి వస్తుంది. ఈ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి చూశాను. అదే రాసి ఉంది. మీటను వేలు నొక్కిందో తడిపసుపు కలిపిందో యంత్రానికి తెలియదు.

మాస్టారు ఆ పేజీ చదివి కళ్లజోడు సర్దుకున్నారు. "సరే, ఇప్పుడు ఇద్దరం భయపడదాం."

"నిన్న ఆపాక మళ్లీ ఆన్ చేశారాండీ?" అని సుబ్బరాజు గారిని అడిగాను.

"చేద్దామనే అనుకున్నానండి. పూజలో పెట్టినదాన్ని ఆపడం, వెయ్యడం, ఏంటా ఆటలు అని మా ఆవిడ తిట్టింది. ముట్టుకోలేదు."

"ఆవిడకి దణ్ణం పెట్టండి" అన్నారు మాస్టారు.

కరెంటు ఇవ్వకుండానే అడుగు మరలు విప్పాం. మీట కింద రబ్బరు కాంటాక్ట్ ఉంటుంది. నొక్కినప్పుడు అది బోర్డు మీది రెండు నల్లటి గీతలను కలుపుతుంది. ఇక్కడ ఆ పనిని పసుపూ కుంకుమా కలిసిన ముద్ద చేస్తోంది. త్వరగా ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల తడిపి, గీతలు అరగకుండా తుడిచాను. మల్టీమీటర్ ముళ్లు ఆ గీతల మీద పెడితే ఇంకా కూస్తోంది, అంటే అవి ఇంకా కలిసే ఉన్నాయి. మళ్లీ తుడిచాను. ఈసారి కూత లేదు. రెండో చివర కూడా అలాగే శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చాం.

"నువ్వే వెయ్యి" అన్నారు మాస్టారు.

స్విచ్ వేశాను. తెర వెలిగింది. సుబ్బరాజు గారు కుర్చీలోంచి లేవలేదు. "మీరే చూడండి, ఎడమ చివర నుంచి" అన్నారు. ఎడమవైపు మొదటి మీట నొక్కాను. డోలు మోగింది. పక్క మీట నొక్కితే ఇంకో దెబ్బ, పొడిగా, చురుగ్గా.

"వాడేనండి" అన్నారాయన. తర్వాత ఆయనే వచ్చి, నిలబడే, ఒక పెళ్లి దరువు వాయించారు. ఆ శబ్దాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక గానీ నా భుజాలు సడలలేదు.

యంత్రానికి ఏమైందన్నది విప్పితే తెలుస్తుంది. అందులో ఏముందన్నది తెచ్చినవాళ్లు చెబితేనే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు ప్లగ్ చేతిలోకి తీసుకోకముందే అడుగుతాను, "ఇందులో పోకూడనిది ఏముందండీ?" అని. చాలామంది ఏమీ లేదంటారు. కొందరు మాత్రం కాసేపు ఆలోచిస్తారు. వాళ్లు చెప్పేదాకా నేను స్విచ్ ముట్టుకోను.