తాళం పడిన పేరు

మా నాన్నకు రెండు పేర్లు. ఒకటి నానమ్మ పెట్టింది, రెండోది రేవు పెట్టింది. కలకత్తాలో ఆయన బతుకంతా రెండో పేరు మీదే గడిచింది. ఆ పేరు నిజానికి మా పెదనాన్నది.

ఇందులో దాపరికం ఏమీ లేదు. గార్డెన్ రీచ్‌లో మా కూలీ లైనులో ఉన్న శ్రీకాకుళం కుటుంబాల్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ఓడల్లోంచి సరుకు దించే కంపెనీలో ముందు పెదనాన్నకు పని దొరికింది. ఆయనకు ఇక్కడి నీళ్లు పడలేదు, ఊరి మీద బెంగ తీరలేదు. పని వదిలేస్తే మళ్లీ దొరకదు. అందుకని తమ్ముణ్ని పిలిపించి, తన పేరున్న కార్డు చేతిలో పెట్టి రైలెక్కేశాడు. కూలీల్ని పనిలో పెట్టే సర్దారుకు తెలుసు, యూనియన్ దాదాకు తెలుసు, పక్క గదుల వాళ్లకు తెలుసు. అన్న ఎత్తాల్సిన బస్తా తమ్ముడు ఎత్తితే ఓడకేం నష్టం? కొన్నాళ్ల ఏర్పాటు అనుకున్నారు. ఆ కొన్నాళ్లు మా నాన్న రిటైరయ్యేదాకా సాగాయి.

రేవులో అందరూ ఆయన్ని అన్న పేరుతోనే పిలిచారు. రేషన్ కార్డులో అదే, ఓటరు లిస్టులో అదే, నా స్కూలు సర్టిఫికెట్లో తండ్రి పేరు దగ్గరా అదే. పోనీ ఇంట్లోనైనా అసలు పేరు వినిపించేదా అంటే, అదీ లేదు. మా అమ్మ మొగుడి పేరు నోటితో అనే మనిషి కాదు. ఎవరైనా అడిగితే నన్ను ముందుకు తోసేది. ఆమెకు ఆయన పేరు "ఇదిగో". నాకు నాన్న. లైనులో పిల్లలకు మామ. సొంత పేరు పెట్టి పిలిచే చనువు ఊళ్లో పెద్దవాళ్లకే ఉండేది. నానమ్మ పోయాక, ఇక్కడిదాకా ఆ పేరుతో పలకరించేవాడు పెదనాన్న ఒక్కడే మిగిలాడు. ఆయన మా లైను చివరి ఫోను బూతుకు ఫోన్ చేసేవాడు. నాన్న రిసీవరు చెవికి అదిమి పెట్టుకుని కాసేపు జవాబివ్వకుండా నిలబడేవాడు. అవతలివాడు ఇంకోసారి పేరు పెట్టి పిలవాలనే అలా చేసేవాడని నా అనుమానం.

నేను కంప్యూటర్లు చదివాను. ఎర్రజెండా ప్రభుత్వం చివరి రోజుల్లో సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఒక కంపెనీలో చేరాను. అద్దాల మేడ అని లైనులో అందరూ గొప్పగా చెప్పుకున్నారు. ఆ అద్దాల కిటికీల్లో ఒక్కటీ తెరుచుకోదని వాళ్లకు తెలీదు. లోపల చలికి శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. తలుపు దాటాలంటే కార్డు గీకాలి, గీకితే ఎంతసేపు బయట ఉన్నానో యంత్రం రాసుకుంటుంది. పెళ్లికాని పిల్లని ఇంట్లో కట్టేస్తారని మా అమ్మ మీద విసుక్కుంటూ వెళ్లి, అక్కడ జీతం తీసుకుని మరీ కట్టుబడి కూర్చున్నాను.

మా పని పెద్ద కంపెనీల డేటా దాచిపెట్టడం. దాన్ని ఆబ్జెక్ట్ స్టోరేజీ అంటారు. మన ఇళ్లల్లో కంప్యూటర్లో ఫోల్డరు, అందులో ఇంకో ఫోల్డరు పెట్టుకుంటాం కదా, ఇక్కడ అవేవీ ఉండవు. స్కాన్ చేసిన కాగితమైనా, ఫోటో అయినా, రికార్డు చేసిన మాటైనా, ఒక్కొక్కటీ ఒక ముద్ద. ఆ ముద్దకు యంత్రం ఒక పొడుగాటి గుర్తు ఇస్తుంది. దాని మీద మేం చీటీలు అంటిస్తాం: ఎవరిది, ఏ విభాగానిది, ఎంతకాలం ఉంచాలి అని. ఎంత పోసినా పడుతుంది. ఏ మూలన ఉందో ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చీటీ మీది మాట చెబితే వచ్చి నిలబడుతుంది. ప్రతిదానికీ మూడు చోట్ల మూడు నకళ్లు. లోపల ఒక్క అక్షరం దిద్దాలన్నా కుదరదు, మొత్తం కొత్తగా రాసి పెట్టాల్సిందే. ఇక ఆడిట్ కోసమని తాళం వేశారంటే అదీ లేదు. గడువు తీరేదాకా దాన్ని మార్చడం గానీ చెరపడం గానీ మేనేజరు వల్ల కూడా కాదు. కంపెనీలు డబ్బిచ్చేది ఆ నమ్మకానికే.

మా నాన్న పనిచేసిన కంపెనీ అప్పటికి చేతులు మారింది. బడ్జ్ బడ్జ్ దారిలో ఒక గోదాములో పాత కూలీల ఫైళ్లన్నీ ఎలుకల పాలవుతుంటే, కొత్త యజమానులు వాటిని స్కాన్ చేయించి మాకు అప్పగించారు. చీటీలు అంటించే పని నాది. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ బొమ్మలు దాటవేస్తుంటే మా నాన్న తెర మీదికి వచ్చాడు. మీసం పల్చగా ఉంది, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి, కెమెరా మీద కోపం వచ్చినట్టు చూస్తున్నాడు. ఎప్పుడో కార్డులు కొత్తగా ఇచ్చినప్పుడు తీసిన ఫోటో మా నాన్నది, వేలిముద్ర మా నాన్నది, పేరు మా పెదనాన్నది. ఆ పేరే నేను చీటీ మీద టైపు చేయాలి.

పెదనాన్న పోయి అప్పటికి కొద్ది నెలలే అయింది. నాన్న ఊరికి వెళ్లి కర్మ చేసి వచ్చాడు. అక్కడున్నన్నాళ్లూ ముసలివాళ్లంతా ఆయన్ని పేరు పెట్టి పిలిచారట. ఊరి పంచాయతీలో పెదనాన్న పేరు చచ్చినవాళ్లలో రాశారు. అదే పేరు మీద ఇక్కడ నాన్నకు పింఛను వస్తోంది. తిరిగొచ్చిన రోజు గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ, "నా సావు నానే సూసొచ్చినాను" అన్నాడు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత ఫోను బూతు వైపు వెళ్లడం మానేశాడు.

ఆఫీసులో ఆయన ఫోటో కనబడిన సంగతీ, వచ్చే శుక్రవారం ఆ ఫైళ్లను మూడు చోట్ల దాచి తాళం వేస్తామన్న సంగతీ నేను సరదాగానే చెప్పాను. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపేశాడు.

"అందులో నా పేరెక్కడా నేదా?"

"లేదు నాన్నా. అంతా పెదనాన్న పేరే."

"ఓ మూలన రాయనేవేటి నువ్వు?"

రాయడానికి చోటుంది. మరో పేరు అని ఒక చీటీ ఉంది, రేవులో చాలామందికి మారుపేర్లు ఉంటాయని పెట్టారు. ఆ సంగతి నా నోరు ఊరుకోక చెప్పేశాను కూడా.

"సిన్నగా రాసినా సాలమ్మా" అన్నాడు నాన్న. చీటీ మీద అక్షరాలకు చిన్నా పెద్దా ఉండవని ఆయనకెలా చెప్పను? "అన్న ఉన్నన్నాళ్లూ ఒకడైనా పిలిసేవోడు. ఇప్పుడు ఆ పేరు గలోడు ఉన్నాడని ఎవులికి తెలుసు?"

అమ్మ గరిటె కింద పెట్టింది. "రాసి? రేపెవుడో సూసి, ఈ మనిషెవుడు, ఆ మనిషెవుడని అడిగితే ఏటి సెప్తావు? పింఛను ఆపేస్తే ఏటి తింతాం? ఈ గుంట ఉజ్జోగం ఊడితే?"

"కాయితంలోనే ఉండిపోతే నానింత బాదపడను" అన్నాడు నాన్న. "సెదలు తినెత్తాది, అన్న పేరూ పోతాది, నా పేరూ పోతాది, గొడవ నేదు. మీరు మూడు సోట్ల దాసి తాళాలేత్తన్నారు కదా!"

ఇద్దరి మాటా న్యాయమే. నాకు వచ్చిన చిక్కు అదే. నాన్న అసలు పేరు రాస్తే, ఈయన ఇంకొకడి పేరుతో పనిచేశాడని నా చేత్తో నేనే సాక్ష్యం పెట్టినట్టు, అదీ ఎవరూ చెరపలేని చోట. రాయకపోతే, ఓడల కింద నడుం వంగిన ఆ మనిషి ఆ కంపెనీలో ఎప్పుడూ లేనట్టు. తాళం పడే శుక్రవారం దగ్గరికి వస్తోంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా నాకు గాలి తగలడం మానేసింది.

మా టీముకు పెద్ద ఒక బెంగాలీ దాదా. మంచివాడు, ముడుచుకున్న గొడుగు ఎప్పుడూ కుర్చీకి తగిలించి ఉంచేవాడు. ఎవరి సంగతో అన్నట్టు అడిగాను: స్కాన్ చేసిన కాగితంలోనే పేరు తప్పుగా ఉంటే?

"అప్పుడు ఆ తప్పునే భద్రంగా దాస్తాం" అన్నాడు. యంత్రం అప్పుడప్పుడూ మూడు నకళ్లనూ పోల్చి చూసుకుంటుందని, ఒక్క చుక్క తేడా వచ్చినా మంచి నకలుతో బాగుచేసుకుంటుందని వివరించాడు. అవన్నీ నాకూ తెలుసు. కానీ ఆ రోజు వేరేగా వినబడింది. ఆ యంత్రం ఇది నిజమేనా అని ఎప్పుడూ అడగదు. మారిందా లేదా అనే అడుగుతుంది. మారలేదంటే దానికి తృప్తి. మా లైను మనుషులకూ, దానికీ ఆ విషయంలో పెద్ద తేడా లేదనిపించింది. మేమూ ఎన్నో ఏళ్లుగా ఆయన్ని అలాగే భద్రంగా దాచాం.

ఆ వారమంతా నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం బస్సు దిగేసరికి స్టాపులో నిలబడి ఉండేవాడు. ఇదివరకెప్పుడూ రాలేదు. నా సంచి అందుకుని, "టిఫిను తిన్నావా?" అని అడిగేవాడు. తిన్నానని చెప్పేదాన్ని. అంతే, ఇద్దరం ఇంటికి నడిచేవాళ్లం. పేరు సంగతి ఏమైందని అడిగేస్తే బాగుండేదని విసుగొచ్చేది, అడుగుతాడేమోనని భయమూ వేసేది.

శుక్రవారం బంద్ అని బుధవారం ప్రకటించారు. కలకత్తాలో బంద్ అంటే అందరికీ ఒక రోజు సెలవు, మాకు మాత్రం ఒక రోజు ముందే హడావిడి. గురువారం మధ్యాహ్నం దాదా గొడుగు చేతిలో పట్టుకుని నా కుర్చీ వెనక్కి వచ్చాడు. రేపు ఎవరు వస్తారో ఎవరు రారో తెలీదు, ఆ రేవు కంపెనీ పని ఇవాళే ముగించేద్దాం అన్నాడు. నా తెర మీద నాన్న ఫైలు తెరిచే ఉంది. మరో పేరు అన్న గడి ఖాళీగా ఉంది. ఒక గంట ఆగండి అనొచ్చు. అంటే ఎందుకని అడుగుతాడు. చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. అమ్మ మొహం కనబడింది, ఆ వెంటనే స్టాపులో నిలబడ్డ నాన్న. ఏ వేలు కదిపినా ఒకరికి అన్యాయం చేసినట్టే.

"హోయే జాక్?" అన్నాడు దాదా. అయిపోనిద్దామా అని.

నేను తలూపాను. అక్కడ ఇంకేం చేయాలో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన తన యంత్రం దగ్గరికి వెళ్లి తాళం వేశాడు. తెర మీద నాన్న ఫైలు పక్కన చిన్న తాళం బొమ్మ వచ్చింది. మిగతా వాళ్లు సంచులు సర్దుకుంటున్నారు. నేను ఆ ఖాళీ గడి మీద నొక్కి చూశాను. బూడిద రంగులోకి మారిపోయింది, నొక్కు పడలేదు.

బస్సులు అప్పటికే తగ్గిపోయాయి. ఆటోల్లో వేలాడుతూ, కొంత దూరం నడుస్తూ పొద్దు వాలేవేళకు మా స్టాపు చేరాను. నాన్న అక్కడే ఉన్నాడు. ఈసారి సంచి అందుకోలేదు.

"అయిపోనాదా?"

"అయిపోయింది నాన్నా. ఇవాళే వేసేశారు."

"రాసినావా?"

"లేదు."

"మంచి పని సేసినావు" అన్నాడు. "మీ అమ్మ సెప్పిందే రైటు." ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని దిగమింగుకున్నాను.

ఇంట్లోకి వచ్చి గోడ వైపు తిరిగి మంచం మీద కూర్చున్నాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. అమ్మ నా మొహం చూసింది, నేను అడ్డంగా తలూపాను. ఆమె కోరుకున్నదే జరిగింది కదా, సంతోషించాలి. పొయ్యి దగ్గర అటూ ఇటూ కదిలింది, ఉన్న గిన్నెనే మళ్లీ తుడిచింది. కంచంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. రెండుసార్లు "ఇదిగో" అంది. ఆయన పలకలేదు.

అప్పుడు మా అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, గుమ్మం అవతలి వాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి, ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. నానమ్మ పెట్టిన పేరు. ఆ పేరు ఆమె నోట నేను అంతవరకూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

నాన్న చప్పున తిరిగాడు. అమ్మ వైపు కాదు, వీధి గుమ్మం వైపు.

"ఎవులే? ఊర్నించి ఎవులైనా వొచ్చినారా?" అంటూ లేచి, మేకున ఉన్న చొక్కా అందుకున్నాడు.