టేపక్క ఏరి పారేసిన మొక్క

మెడలో కొలతల టేపు లేకుండా ఆవిణ్ని చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టేపక్క. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, మేడ మీద నలభై కుండీల టమాటా తోట. జాకెట్టు కొలత తప్పిందంటే ఒప్పుకుంటుందేమో గానీ, టమాటాల గురించి తనకు తెలియనిది ఒకటుందంటే మాత్రం ససేమిరా ఒప్పుకోదు.

ఆవిడ పద్ధతి ఆవిడది. నారు పోసిన పదిహేనో రోజున టేపు పట్టుకుని మేడెక్కుతుంది. రెండంగుళాలకు తక్కువున్న మొలకనల్లా పీకి, గేటు పక్కన చెత్తబుట్టలో పడేస్తుంది. మిగిలినవాటిలో ఏ మొక్క ముందు పండిస్తే దాని తొలి పండు విత్తనానికి. ఆ పండును ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. గుజ్జును నీళ్ల గ్లాసులో మూడు రోజులు ఉంచి, పైన తెట్టు కట్టాక కడిగి, కాగితం మీద ఆరబెట్టి, బొత్తాలు వచ్చే చిన్న చిన్న కవర్లలో పోస్తుంది. పన్నెండేళ్లుగా వీధిలో సగం ఇళ్లు ఆ కవర్ల కోసం కాచుకుని కూర్చుంటున్నాయి.

ఈసారి మాత్రం పరువు పోయేలా ఉంది. కాయలన్నీ ఒక్కసారే విరగకాశాయి, చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మొదటి కోత నుంచి నలభై రోజులు తిరిగాయో లేదో, మొక్కలన్నీ కూడబలుక్కున్నట్టు ఎండిపోయాయి. ఆవిడవే కాదు, విత్తనం తీసుకెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. మూడో ఇంటి టీచరమ్మ మొహమాటపడుతూనే అడిగేసింది.

"అక్కా, మీ టమాటా ఇదివరకు ఏడెనిమిది నెలలు కాసేది కదా. ఇప్పుడేంటి, చుట్టపుచూపుగా వచ్చి పోతోంది?"

"ఎండలు ముదిరాయమ్మా," అని మాట దాటేసింది గానీ టేపక్కకు తల కొట్టేసినట్టయింది. రెండు వారాల్లో, ఆదివారంనాడు, అందరూ కొత్త విత్తనాలకు వస్తారు. కవర్లు సిద్ధంగా ఉన్నాయి. అవి ఇవ్వాలా, మానాలా?

ముందు మట్టిని అనుమానించింది. తర్వాత నీళ్లను. ఆ తర్వాత, అలవాటు ప్రకారం, మొగుణ్ని.

"కుండీల్లో టీ పిప్పి పోస్తున్నారా మీరు?"

"పోయమన్నది నువ్వే కదే," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

నిజమే, పోయమన్నది తనే. ఇక ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తేవడానికి మేడెక్కితే, పక్క మేడ మీద ఎర్రగా ఏవో కనిపించాయి. అది డ్రైవరుగారి మేడ. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన తోటపని అంటే టేపక్కకు మొదటినుంచీ నవ్వులాటే. తుప్పు పట్టిన రంగుడబ్బా, అందులోంచి వంకరటింకరగా గోడెక్కి, టీవీ యాంటెన్నా కడ్డీని పట్టుకుని వేలాడే ఒకే ఒక్క టమాటా మొక్క. ఈ ఎండల్లో దానికి అడుగున పండ్లు, మధ్యలో పచ్చికాయలు, చివర పూలు.

చూడనట్టే కిందికి దిగింది. మళ్లీ ఎక్కింది. అసూయ అంటారా, అదీ కొంత లేకపోలేదు. కానీ సంగతేమిటో తెలుసుకోకపోతే ఆవిడకు ఆ రాత్రి అన్నం సయించదు. పిట్టగోడ మీంచి పిలిచింది.

"అన్నయ్యగారూ, ఇదెప్పుడు వేశారు?"

"ఇదా? మూడేళ్లవుతోంది చెల్లెమ్మా."

"మూడేళ్లా! టమాటా మూడేళ్లు బతుకుతుందా?"

"అలా కాదు. ముసలిదవుతోందనిపిస్తే పక్కకొమ్మ ఒకటి తుంచి నీళ్లలో పెడతా. వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి. ఇంకో డబ్బాలో పాతేస్తా. డబ్బా మారుతుంది గానీ మొక్క అదే."

టేపక్క నోరెళ్లబెట్టింది. పక్కకొమ్మలు తుంచి పారేయడమే తప్ప, పాతితే బతుకుతాయని ఇన్నేళ్లలో ఆవిడకు తట్టనే లేదు.

"మరి విత్తనం ఎక్కడిది?"

డ్రైవరుగారు గడ్డం గోక్కున్నాడు. "మీదే. మీ చెత్తబుట్టలోంచి మొలక తీసుకున్నా. వేలెడంత కూడా లేదు, పాపం అనిపించింది. అడిగితే నవ్వుతారేమోనని అడగలేదు. రెండు నెలలు ఉలకలేదు, పలకలేదు. తర్వాత మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. వారం రోజులు ఊరెళ్లి నీళ్లు పోయకపోయినా తల వాల్చేసి, నేనొచ్చాక మళ్లీ లేస్తుంది."

టేపక్క గబగబా దిగి కొలతల పుస్తకం తీసింది. జాకెట్ల లెక్కలన్నీ దాటాక, వెనక పేజీల్లో టమాటాల తేదీలు. తొలి పండు తేదీ ఏటికేడు ముందుకు జరుగుతూ వచ్చింది. ఆ వరస చూసుకుని ఎన్నిసార్లు మురిసిపోయిందో. పక్కనే ఆఖరి కోత తేదీ కూడా తన చేతిరాతే, కానీ ఎన్నడూ వరుసగా చదివింది లేదు. అదీ ముందుకే జరిగింది. ఎనిమిది నెలల కాపు ఏడైంది, ఐదైంది, మూడైంది, నలభై రోజులకొచ్చి పడింది.

మొదట్లో ఆ నారులో అన్ని రకాలూ కలిసి ఉండేవన్నమాట. తొందరగా కాసి చచ్చేవీ ఉండేవి, నిదానంగా మొదలై నెలల తరబడి కాసేవీ ఉండేవి. నిదానం మొలకల్ని టేపు పెట్టి మరీ ఏరి పారేసింది తనే. తొందరవాటి తొలి పండును పదిలంగా దాచిందీ తనే. మట్టి తప్పు లేదు, మొగుడి తప్పు అసలే లేదు. కాజాలు కుట్టాల్సిన చొక్కా ఒళ్లో పెట్టుకుని ఆవిడ నిజంగానే ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే కత్తెర పట్టుకుని డ్రైవరుగారి మేడెక్కింది.

ఆదివారం వచ్చినవాళ్లకు కుట్టుమిషను మీద కవర్లు కనిపించలేదు. గాజు గ్లాసుల్లో కొమ్మలు, కొమ్మలకు తెల్లటి లేత వేళ్లు.

"విత్తనాలేవి అక్కా?" అంది టీచరమ్మ.

"పారబోశాను. ఇవి పట్టుకెళ్లండి. ముందు పండినవి హాయిగా తినేయండి. ఆఖరిదాకా కాసే మొక్క ఏదో చూసి, దాని పండు దాచండి విత్తనానికి."

"ఇదేదో కొత్త రకంలా ఉందే. ఎక్కడ సంపాదించారు?"

అప్పుడే ఇంకో గ్లాసు పట్టుకుని గుమ్మంలోకొచ్చిన డ్రైవరుగారు ఆ మాట విన్నాడు. టేపక్క మొహం చూశాడు.

"కొత్తదేం కాదమ్మా, ఆవిడదే," అన్నాడు. "నాకిచ్చింది కూడా ఆవిడే."

టీచరమ్మ మెచ్చుకోలుగా తలాడించింది. నలుగురూ గ్లాసులు అందుకోబోతున్నారు. ఊరుకుంటే అక్కడితో సరిపోయేది.

"ఇవ్వలేదమ్మా, పారేశాను," అంది టేపక్క. "పన్నెండేళ్లుగా మంచివన్నీ ఏరి పారేశాను. మీకిచ్చింది మిగిలినవి."