ఖాళీ అని రాయొద్దన్న మేడం

మేడం పోయారన్న కబురు ఆవిడ భర్త ఫోన్ చేసి చెబితే తెలిసింది. అప్పుడు నేను ఆఫీసులో ఒక చెరువు గట్టు గీస్తున్నాను. సగం గీశాను. మా పనిలో గీత మధ్యలో లేచిపోతే గీసినదంతా పోతుంది. అందుకే చెరువు చుట్టూ గీత పూర్తి చేసి, సేవ్ చేసి, అప్పుడు లేచి వరండాలోకి వెళ్లి ఏడ్చాను. మేడం ఉన్నా ముందు పని పూర్తిచేయమనే చెప్పి ఉండేవారు.

మాది మధురవాడలో ఒక చిన్న సంస్థ. ఉపగ్రహాలు పై నుంచి తీసిన ఫొటోల మీద ఇళ్లు, రోడ్లు, చెరువులు, పొలాలు కంప్యూటర్‌లో గీసి పటాలు తయారుచేస్తాం. మా విభాగానికి ఆవిడ పెద్ద. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క ఇంటి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆవిడ పేరు మాకందరికీ తెలుసు, కానీ ఎవరమూ పేరుతో పిలిచి ఎరగం. మేడం అంటే ఆవిడే. కొన్ని నెలలుగా జబ్బు చేసి సెలవులో ఉన్నారు. వైద్యం అయ్యాక తిరిగి వస్తారనే అనుకున్నాం.

నేను యారాడ నుంచి వచ్చాను. నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. మా ఇంట్లో బడి దాటి కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏ ఊరని అడిగారు. చెప్పగానే తెర మీద విశాఖ అంతా ఒక్కసారి కదిలింది. ఓడరేవు వెనక్కి పోయింది, కొండ దాటాం, సముద్రం వచ్చింది. ఆవిడ కిందికి దింపుతూ పోయారు. కొబ్బరి చెట్లు, సందులు, చివరికి నీలం టార్పాలిన్ కప్పిన మా ఇంటి వెనక పాక. ఆకాశంలో ఉన్న ఏదో ఒకటి మా పాకను కూడా చూసిందన్న సంగతి ఆ రోజుకు ముందు నాకు తట్టలేదు.

"ఏటి పాపా, అలా సూత్తన్నావ్? మీ ఇల్లేనా?" అన్నారు.

"అవును మేడం."

"అయితే గియ్యి. సొంతిల్లు గీసినప్పుడు సెయ్యి వొణకదు."

మౌస్ పట్టుకున్నాను. ఒక్కో మూల దగ్గర నొక్కితే ఒక్కో చుక్క పడింది. చుక్కకీ చుక్కకీ మధ్య గీత దానంతటదే సాగింది. ఆఖరి మూల దగ్గర రెండుసార్లు నొక్కగానే మా ఇల్లు రంగు నిండి నిలబడింది. వెంటనే పక్కన చిన్న పట్టిక తెరుచుకుంది. ఇదేమిటి, దేనికి వాడతారు అని అందులో నింపాలి. "గియ్యడం సగం పనే. అదేటో సెప్పడం మిగతా సగం," అన్నారు మేడం.

ఇంట్లో, బస్సుల్లో, సంతోషం వచ్చినప్పుడు ఆవిడకు మా యాసే వచ్చేది. పెద్దసార్లతో మాట్లాడేటప్పుడు మాత్రం నెమ్మదిగా పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు.

ఆవిడ చెయ్యి చూస్తూ కూర్చోవడం నాకు పండగలా ఉండేది. పక్కపక్క పొలాల గీతలు ఒకదానికొకటి అతుక్కునేలా పెట్టే ఏర్పాటు ఒకటుంటుంది. మాలో కొందరు తొందరలో అది ఆపేసి గీసేవారు. తెర మీద చూస్తే గీతలు కలిసినట్టే ఉంటాయి. మేడం ఆ చోటు పెద్దది చేసి చూపించేవారు. రెండు పొలాల మధ్య దారంలాంటి సందు. "ఈ సందు ఎవరిది? ఇక్కడ నిలబడ్డ మనిషి ఏ ఊళ్లోనూ లేనట్టే కదా," అనేవారు. అదే ఒక గీత మీద ఇంకోటి ఎక్కితే, "ఇద్దరికీ తగువు పెట్టేశావ్, శుభం," అని నవ్వేవారు. ఒకసారి మా సహోద్యోగి పశువుల పాకను ఇల్లని రాశాడు. మేడం కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఈ ఇంట్లో గేదెకి ఓటుందా బాబూ?" అని అడిగారు. ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాం.

ఇల్లు గీసే ముందు దాని గుమ్మం ఎటుందో వెతికేవారు. పటంలో గుమ్మం అవసరం లేదు. ఎందుకు మేడం అంటే, "లోపలికెళ్లే దారి తెలీకుండా ఇల్లెలా గీత్తాం?" అన్నారు. అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టింది ఒక్క విషయంలో. ఒక చోట ఏమీ కనబడకపోతే ఖాళీ అని రాయనిచ్చేవారు కాదు. "నీకు కనబడలేదు, అంతే. తెలీదని రాయి. తెలీదని రాత్తే ఎవరో ఒకరెళ్లి సూత్తారు. ఖాళీ అని రాత్తే ఎవరో ఒకరొచ్చి ఆక్రమిత్తారు."

ఆ మాట విలువ మా ఇంటి మీదికి వచ్చినప్పుడు తెలిసింది.

తీర గ్రామాల పటం మా చేతికి వచ్చింది. పాతదాన్ని సరిచూసి అప్పగించాలి. దాన్ని బట్టే సముద్రం చూడ్డానికి వచ్చే వాళ్ల కార్లు నిలపడానికి స్థలం ఎంచి, చుట్టూ స్తంభాలు పాతుతారని విన్నాం. మా ఊరి భాగం తెరిచి చూశాను. ఇళ్లకూ నీళ్లకూ మధ్య ఉన్న ఇసుకంతా ఒకే ముక్క. పట్టికలో "ఖాళీ ఇసుక నేల" అని ఉంది. పడవలు పైకి లాగి పెట్టేది అక్కడే. అమ్మా, పేటలో ఆడవాళ్లూ చేపలు ఎండబెట్టేది అక్కడే. అది పోతే ఎండబెట్టడానికి మాకు ఇంకో చోటు లేదు. గీసింది ఎవరా అని చూశాను. మేడం. నేను చేరకముందు, ఎప్పుడో.

చెప్పాలా వద్దా అని మధ్యాహ్నం వరకు కూర్చున్నాను. చివరికి చెప్పాను. మేడం తెర మీద ఆ ఇసుకను పెద్దది చేశారు.

"ఈ ఫొటో పొద్దున పది దాటాక తీసుంటారు. ఆ టైముకి పడవలెక్కడుంటాయి?"

"వేటలో మేడం. అవొచ్చాకే చేపలు ఆరబెడతారు."

"అందరూ పనిలో ఉన్నప్పుడు చూసి ఎవరూ లేరని రాశానన్నమాట." కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "ఆదివారం మీ ఊరెళ్దాం."

సింధియా కూడలి దగ్గర ఆటో మాట్లాడుకుని కొండ దాటి వెళ్లాం. అమ్మ గంప దించి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, మా ఇసక మీద గీతలు గీత్తారేటి? కెరటం వత్తే సెరిగిపోద్ది గదా!"

"చెరగని గీత గీద్దామనే వచ్చానక్కా. ఎవరి జాగా ఎక్కడిదాకో నడిచి చూపించు. నీ వెనకే వత్తాను."

మా మేనమామ వల బాగుచేసుకుంటూ నాన్నతో, "బావా, మన ఇసక కంపూటర్లోకి ఎక్కుతాదంట. ఇంక మనం సేపల్ని ఫోన్లోనే ఎండబెట్టుకోవచ్చు!" అన్నాడు.

అమ్మ ముందు నడిచింది. ఇసుకలో రాయి లేదు, గట్టు లేదు. అయినా అమ్మ ఒక చోట ఆగి, "ఇక్కడిదాకా నాది, అటు మా తోటికోడలిది," అనేది. ఆ తోటికోడలు అక్కడే నిలబడి తలూపేది. మేడం ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకునేవారు.

"సెప్పుల్లేకుండా నడుత్తన్నావ్, సీర కంపు కొడతాదమ్మా. మీ ఆయన గుమ్మంలోకి రానిత్తాడా?"

"రానియ్యకపోతే నీ దగ్గరే ఉండిపోతాను. ఎండు సేపలు తిరగేత్తాను."

"నీకు జీతం నానియ్యలేనమ్మా!"

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. నేను వెనక నడుస్తూ ఇద్దరినీ చూశాను. చదువు రాని మా అమ్మ అడుగు వేసిన చోటల్లా పటంలో ఒక చుక్క పడుతోంది.

మర్నాడు ఆఫీసులో మా సంస్థ నడిపే పెద్దసార్ ఒప్పుకోలేదు. "ఆ పాత పటం ఎప్పుడో ఆమోదం పొందింది మేడం. ఇప్పుడు మారిస్తే ఎవరు గీశారని అడుగుతారు. మన పేరు పోతుంది."

"అడగనివ్వండి సార్. నేనే గీశానని చెప్తాను. తప్పు గీశానని కూడా చెప్తాను."

"పైగా చేపలు ఆరబెట్టే నేల అన్న రకమే మన దగ్గర లేదు."

"లేకపోతే చేరుద్దాం. భూమి మీద ఉంది కదా."

మా అందరి ముందూ, పటం అడిగిన ప్రభుత్వ అధికారికి ఫోన్ చేసి, అదే మాట అదే గొంతుతో చెప్పారు. అవతలి నుంచి ఆయన, "ఫొటోలతో సహా పంపండి," అన్నారు. మేడం కూర్చుని, పాత ముక్కను తానే కోశారు. ఒక భాగానికి "పడవలు నిలిపే చోటు" అని, ఇంకోదానికి "చేపలు ఆరబెట్టే నేల" అని రాశారు. సొంత గీతను అంత శాంతంగా చెరిపేసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత ఆవిడకు జబ్బని తెలిసింది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు ఒంట్లో ఎలా ఉందో చెప్పేవారు కాదు. "స్తంభాలు పాతారా పాపా?" అని అడిగేవారు. ఇంకా లేదు మేడం అనేదాన్ని. చివరిసారి అడిగినప్పుడూ అదే చెప్పాను.

పెద్దకర్మ అయ్యాక మా ఊరు వెళ్లాను. పనివాళ్లు అప్పుడే వచ్చి వెళ్లారట. రోడ్డు దగ్గర నుంచి సిమెంటు స్తంభాలు వరుసగా, తిన్నగా మా పేట వైపు వచ్చాయి. ఇసుక మొదలయ్యే చోట ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. ఎండబెట్టే నేలను చుట్టి, పడవలను చుట్టి, అటు చివర దాటాక మళ్లీ తిన్నగా సాగిపోయాయి. ఏమీ తెలియని వాళ్లు చూస్తే, ఇంత చదునైన ఇసుకలో ఇవి ఎందుకు ఒంపు తిరిగాయా అనుకుంటారు. ఆ ఒంపు లోపల అమ్మ వంగి ఆరబెట్టిన కవ్వళ్ల చేపలు తిరగేస్తోంది. చివరి స్తంభం మీద అప్పటికే ఎవరో తడి వల ఆరేశారు.